పాత పెళ్లి క్యాసెట్‌ని ఇంట్లోనే డిజిటల్ చేయడం ఎలా? డబ్బు, టైమ్ ఎక్కడ పెట్టాలి?

మన ఇళ్లలో వీహెచ్ఎస్ క్యాసెట్ అంటే చాలావరకు పెళ్లి క్యాసెట్టే. కాకపోతే ఓ గృహప్రవేశం, ఓ పుట్టినరోజు, అమెరికా నుంచి బాబాయి పంపిన ఇంకొకటి. అటక మీద ఇత్తడి సామాన్ల వెనక ఓ అట్టపెట్టెలో పడి ఉంటాయి. ఎప్పుడో ఒకరోజు ఇంట్లో ఎవరో ఒకరు "నువ్వు కంప్యూటర్లు చదివావు కదా, వీటిని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించు" అంటారు. బీటెక్ చేసినవాళ్లకి ఇది తప్పదు, ప్రింటర్ బాగుచేయడం లాగే.

గత ఏడాదిన్నరలో మా ఇంటివి, మా మేనత్త వాళ్లవి కలిపి 23 క్యాసెట్లు ఇలా మార్చాను. ఈ పని మీద యూట్యూబ్‌లో నేను చూసిన వీడియోలు దాదాపు అన్నీ రెండు ప్రశ్నలతో మొదలవుతాయి: ఏ క్యాప్చర్ డివైస్ కొనాలి, ఏ ఏఐ సాఫ్ట్‌వేర్‌తో 4కే చేయాలి. నా లెక్కలో అవి చివర అడగాల్సిన ప్రశ్నలు. మీ వీడియో క్వాలిటీలో ఎక్కువ భాగం యూఎస్‌బీ కేబుల్ దాకా రాకముందే తేలిపోతుంది. ఎడిటింగ్, అప్‌స్కేలింగ్ లాంటివి పదేళ్ల తర్వాతైనా మళ్లీ చేసుకోవచ్చు. టేప్‌ని మాత్రం ఎన్నిసార్లు పడితే అన్నిసార్లు ఆడించలేం.

ఆలస్యం చేస్తే ఏమవుతుంది?

రెండు వైపుల నుంచి టైమ్ అయిపోతోంది. ఒకటి, మెషిన్లు. వీసీఆర్‌లు తయారుచేస్తున్న చివరి కంపెనీ, జపాన్‌కి చెందిన ఫునాయ్, 2016 జులైలో ఉత్పత్తి ఆపేసింది. అంటే ఇప్పుడు దొరికే ప్రతి వీసీఆర్ సెకండ్ హ్యాండే, అందులోని ప్రతి రబ్బర్ బెల్టూ ముసలిదే. రెండోది టేప్. ప్లాస్టిక్ రిబ్బన్ మీద అయస్కాంత పొడిని అతికించి ఉంచే జిగురు తేమకి నెమ్మదిగా చెడిపోతుంది. ఆస్ట్రేలియా జాతీయ ఫిల్మ్ అండ్ సౌండ్ ఆర్కైవ్ 2015లోనే "డెడ్‌లైన్ 2025" పేరుతో ఒక పత్రం విడుదల చేసింది. 2025లోపు డిజిటల్ చేయని మాగ్నెటిక్ టేపుల్లో చాలావాటిని ఇక కాపాడుకోలేమని దాని సారాంశం. ఆ గడువు వచ్చేసింది. అంతమాత్రాన మీ క్యాసెట్లన్నీ పోయాయని కాదు. నా 23లో 20 బాగానే ఆడాయి. కానీ ఎండాకాలం స్లాబ్ కింద కాలిపోయి, వానాకాలం చెమ్మ పీల్చుకునే అటక, టేప్‌కి ఎంత చెడ్డ చోటో చెప్పక్కర్లేదు.

టేప్ మీద అసలు ఏముంది?

ఇది కొంచెం తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. వీహెచ్ఎస్‌ని జేవీసీ 1976లో తెచ్చింది. అర అంగుళం వెడల్పు టేప్, మనం వాడే పాల్ సిస్టమ్‌లో సెకనుకి కేవలం 23.39 మిల్లీమీటర్లు కదులుతుంది. ఇంత నెమ్మదిగా కదిలే టేప్ మీద వీడియో అంత సమాచారం పట్టదు. అందుకే హెడ్‌నే తిప్పారు. 62 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న డ్రమ్ నిమిషానికి 1500 చుట్లు, అంటే సెకనుకి 25 చుట్లు తిరుగుతుంది. టేప్ దాని చుట్టూ ఏటవాలుగా చుట్టుకుని వెళ్తుంది. దాంతో హెడ్ టేప్ మీద అడ్డంగా, వాలుగా సన్నని చారలు గీస్తుంది. ఒక్కో చార వెడల్పు 0.049 మిల్లీమీటర్లు. ఒక చార ఒక ఫీల్డ్, రెండు ఫీల్డ్‌లు కలిస్తే ఒక ఫ్రేమ్.

టీవీలో కనిపించే ఒక్కో అడ్డ గీతకి దక్కే టైమ్ 64 మైక్రోసెకన్లు. టేప్ కొంచెం సాగినా, మోటార్ కొంచెం తడబడినా ఆ గీత అనుకున్న టైమ్‌కి కొంచెం ముందో వెనకో వస్తుంది. పాత పిక్చర్ ట్యూబ్ టీవీలు దీన్ని పెద్దగా పట్టించుకునేవి కాదు, సర్దుకుపోయేవి. కంప్యూటర్ సర్దుకుపోదు. డిజిటల్ సర్క్యూట్‌కి ప్రతి గీతా టైమ్‌కి రావాలి. తలుపు ఫ్రేమ్, పందిరి గుంజ లాంటి నిలువు గీతలు వీడియోలో పాములా మెలికలు తిరుగుతున్నాయంటే కారణం ఇదే.

వీహెచ్ఎస్‌లో అడ్డంగా ఉండే అసలు వివరం దాదాపు 240 గీతలకి మించదు. రంగు సంగతి ఇంకా ఘోరం, నలుపు-తెలుపు వివరంలో కొద్ది భాగమే ఉంటుంది. ఎర్ర పట్టుచీర రంగు అంచు దాటి పక్కనున్న వాళ్ల చొక్కా మీదికి ఒలికినట్టు కనిపిస్తుందే, అది మీ క్యాప్చర్ డివైస్ తప్పు కాదు. ఆ ఫార్మాట్ అంతే. కాబట్టి 4కే ఆశలు ఇక్కడే వదిలేసుకుంటే మనసుకి హాయి.

ముందు టేప్‌ని చూడండి

క్యాసెట్‌ని వెలుతురులో పట్టుకుని పైనున్న కిటికీలోంచి రీల్ అంచు చూడండి. నల్లగా, నున్నగా ఉంటే మంచిది. తెల్లని పొడి, చుక్కలు, సాలెగూడు లాంటి పోగులు కనిపిస్తే అది బూజు. మన వాతావరణంలో ఇది చాలా మామూలు, ముఖ్యంగా కోస్తా వైపు. బూజు పట్టిన క్యాసెట్‌ని వీసీఆర్‌లో పెట్టొద్దు. ఆ పొడి హెడ్ మీద పేరుకుని ఆ క్యాసెట్‌ని గీకుతుంది, తర్వాత పెట్టే మంచి క్యాసెట్లకీ అంటుతుంది. పైగా ఆ పొడి పీలిస్తే మీకూ మంచిది కాదు. అలాంటివి విడిగా కవర్లో పెట్టి, టేప్ క్లీనింగ్ మెషిన్ ఉన్నవాళ్లకి ఇవ్వడమే. నా 23లో పోయిన మూడూ ఇవే, ఇంకా అలాగే పక్కన పెట్టి ఉంచాను.

బాగున్న క్యాసెట్‌కి ముందు చేయాల్సింది వెనక అంచున ఉండే రికార్డ్ ట్యాబ్ విరగ్గొట్టడం. అది ఉన్నంతసేపు ఎవరైనా రికార్డ్ బటన్ నొక్కితే పెళ్లి మీద ఖాళీ నీలం స్క్రీన్ ఎక్కుతుంది. తర్వాత అటక మీంచి దించిన వెంటనే కాకుండా ఒక రోజు గది వాతావరణంలో ఉంచండి. ఆడించే ముందు ఒకసారి చివరి దాకా ఫాస్ట్ ఫార్వర్డ్, మళ్లీ మొదటి దాకా రివైండ్ చేయండి. ఏళ్ల తరబడి ఒకే చోట బిగుసుకుపోయిన చుట్టలు వదులవుతాయి, ఒత్తిడి సమం అవుతుంది. మధ్యలో కీచుమని శబ్దం వచ్చినా, ఆగి ఆగి తిరుగుతున్నా అక్కడితో ఆపేయండి.

వీసీఆర్ సంగతి

డబ్బు పెట్టాల్సింది ఇక్కడ. నేను ఎర్రగడ్డ ఆదివారం సంతలో, ఆన్‌లైన్‌లో, తెలిసినవాళ్ల ఇళ్లలో వెతికి చివరికి రెండు తెచ్చుకున్నాను. ఒకటి పాడైతే ఇంకొకటి అని కాదు. ఒక్కో టేప్ ఒక్కో మెషిన్‌లో బాగా ఆడుతుంది. రికార్డ్ చేసిన కెమెరా హెడ్ అలైన్‌మెంట్‌కి ఏ వీసీఆర్ దగ్గరగా ఉంటే అందులో తక్కువ గీతలు వస్తాయి. అప్పట్లో అద్దెకి తెచ్చుకునే వీసీపీ అయినా మనకి పనికొస్తుంది, మనకి రికార్డింగ్ అక్కర్లేదు కదా. కానీ దొరికితే హై-ఫై స్టీరియో వీసీఆర్ తీసుకోండి. ఎందుకో సౌండ్ దగ్గర చెప్తాను, ఈ వ్యాసంలో నాకు నచ్చిన భాగం అదే.

కొత్తగా తెచ్చిన మెషిన్‌లో మొదట పెళ్లి క్యాసెట్ పెట్టకండి. పనికిరాని సినిమా క్యాసెట్ ఏదైనా పెట్టి అరగంట ఆడించండి. టేప్ నమలకుండా బయటికి వస్తే అప్పుడు అసలుది.

బొమ్మ మీద మంచు కురుస్తున్నట్టు ఉంటే హెడ్ మురికిగా ఉన్నట్టు. ప్లగ్ తీసేసి, కాసేపు ఆగి, మూత తెరిచి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దారాలు ఊడని మెత్తటి గుడ్డని డ్రమ్‌కి ఆనించి పట్టుకుని, రెండో చేత్తో డ్రమ్‌ని పై అంచున పట్టి నెమ్మదిగా తిప్పాలి. గుడ్డ కదలకూడదు, డ్రమ్ తిరగాలి. పైకీ కిందికీ రుద్దితే హెడ్ విరిగిపోతుంది. ఇయర్ బడ్స్ వాడొద్దు, ఆ దూది పోగు హెడ్‌కి తగులుకుంటే పని అయిపోయినట్టే. పవర్ సప్లై భాగం వైపు మాత్రం చెయ్యి పెట్టకండి. ఇదంతా భయంగా ఉంటే పాత టీవీ మెకానిక్‌ని పట్టుకోండి. ఈ పని వాళ్లకి కళ్లు మూసుకుని వచ్చు, పైగా చేసి చాలా రోజులైందని సంబరంగా చేస్తారు.

అమెరికా నుంచి వచ్చిన క్యాసెట్లయితే జాగ్రత్త. అవి ఎన్‌టీఎస్‌సీ: 525 గీతలు, సెకనుకి 29.97 ఫ్రేములు. మనవి పాల్: 625 గీతలు, 25 ఫ్రేములు. మన దగ్గర దొరికే చాలా వీసీఆర్‌ల మీద "ఎన్‌టీఎస్‌సీ ప్లేబ్యాక్" అని రాసి ఉంటుంది గానీ, అవి బయటికి పంపేది అసలు ఎన్‌టీఎస్‌సీ కాదు, పాల్60 అనే మిశ్రమం. టీవీ దాన్ని చూపిస్తుంది, కొన్ని క్యాప్చర్ డివైస్‌లు మాత్రం రంగు పోగొట్టి నలుపు-తెలుపు ఇస్తాయి. ఇక్కడ తల బాదుకోకుండా, అలాంటి క్యాసెట్లు నాలుగైదుంటే అక్కడున్న బంధువులతోనే చేయించుకోవడం నయం.

వైర్ల విషయానికొస్తే, యాంటెన్నా వైర్ ద్వారా వచ్చే సిగ్నల్ వాడకండి. పసుపు, తెలుపు, ఎరుపు ఆర్‌సీఏ పిన్నులే వాడండి. ఎస్-వీహెచ్ఎస్ మెషిన్ దొరికిన అదృష్టవంతులు ఎస్-వీడియో వాడొచ్చు. వీసీఆర్ మీద "షార్ప్‌నెస్" నాబ్ ఉంటే మధ్యకో, కిందికో తిప్పండి. అది వివరం పెంచదు, మంచు పెంచుతుంది.

పాములా మెలికలు తిరిగే గీతలకి మందు

దీన్నే టైమ్ బేస్ కరెక్టర్, పొట్టిగా టీబీసీ అంటారు. ముందో వెనకో వచ్చిన గీతలని మెమరీలో పట్టి ఉంచి, సరైన టైమ్‌కి వదిలే సర్క్యూట్. ప్రొఫెషనల్ టీబీసీలు మన బడ్జెట్‌లో దొరికేవి కావు. కానీ ఒక దొడ్డిదారి ఉంది, ఈ పని చేసేవాళ్లంతా ఎప్పటి నుంచో వాడుతున్నదే. కొన్ని పాత డీవీడీ రికార్డర్లలోంచి సిగ్నల్‌ని ఊరికే దాటిస్తే, అంటే రికార్డ్ చేయకుండా ఇన్‌పుట్‌లో ఇచ్చి ఔట్‌పుట్‌లో తీసుకుంటే, వాటి లోపలి సర్క్యూట్ గీతలని నిటారుగా నిలబెడుతుంది. పానాసోనిక్ డీఎంఆర్-ఈఎస్10, ఈఎస్15 ఇందుకు పేరుపడ్డాయి. మన దగ్గర దొరకడం కష్టమే, కానీ ఎవరి ఇంట్లోనైనా దుమ్ము పట్టి ఉంటే వదలొద్దు. డీవీడీ డ్రైవ్ పాడైపోయినదైనా పర్లేదు.

ఇది లేకుండా పని జరగదా అంటే జరుగుతుంది. నా మొదటి ఆరు క్యాసెట్లు అలాగే చేశాను. టేప్ బాగుంటే తేడా తక్కువ. మూడో కాపీ, నాలుగో కాపీ అయిన టేపులకి మాత్రం ఇది ఉన్నప్పుడూ లేనప్పుడూ తేడా పక్కవాళ్లకి కూడా తెలిసిపోతుంది. ఇంకో ఉపయోగం: టేప్ సిగ్నల్ అదురుతుంటే కొన్ని డివైస్‌లు దాన్ని కాపీ ప్రొటెక్షన్ అనుకుని క్యాప్చర్ చేయనంటాయి. మీ చెల్లెలి పుట్టినరోజుకి కాపీరైట్ ఏంటి అనుకుంటాం. సిగ్నల్ స్థిరపడితే ఆ గొడవ చాలావరకు పోతుంది.

క్యాప్చర్ డివైస్: పేరు ఒకటే, లోపల వేరు

ఆన్‌లైన్‌లో "ఈజీక్యాప్" అని కొడితే ఒకే రూపంలో ఉన్న పదుల కొద్దీ డివైస్‌లు వస్తాయి. లోపల ఉండే చిప్ మాత్రం ఒక్కోదానిలో ఒక్కోటి: సింటెక్, ఎంపియా, సోమాజిక్, యూటీవీ007. ఏది వస్తుందో పెట్టె విప్పేదాకా తెలియదు. నేను కొన్న రెండింటిలో ఒకటి బాగానే పనిచేసింది. రెండోది వెలుతురు ఎక్కువున్న చోట తెలుపంతా ఒకే ముద్ద చేసేసింది. పంచె, జరీ అంచు, వెనక గోడ అన్నీ కలిసిపోయాయి. మన పెళ్లి వీడియోల్లో ఆ పెద్ద ఫోకస్ లైట్ ముఖాల మీదే పడేది కాబట్టి ఇది మామూలు లోపం కాదు. కాస్త ఎక్కువ పెట్టగలిగితే హాపాజ్ యూఎస్‌బీ-లైవ్2, ఐ-ఓ డేటా జీవీ-యూఎస్‌బీ2 లాంటివి నమ్మకమైనవి. లైనక్స్ వాడేవాళ్లకి ఒక మాట: సింటెక్, ఎంపియా, యూటీవీ007 చిప్‌లకి డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంది. విండోస్ డ్రైవర్ సీడీతో కుస్తీ పట్టేకంటే అదే హాయి.

ఒకటి మాత్రం కొనొద్దు. ఏవీ పిన్నులని హెచ్‌డీఎంఐగా మార్చే చిన్న ప్లాస్టిక్ డబ్బా, దాని వెనక ఓ హెచ్‌డీఎంఐ క్యాప్చర్ స్టిక్. చూడ్డానికి 1080పీ వస్తుంది, అందుకే చాలామంది పడిపోతారు. ఆ డబ్బా రెండు ఫీల్డ్‌లని తనకి తోచినట్టు కలిపేసి, 4:3 బొమ్మని 16:9కి సాగదీసి, చాలాసార్లు సెకనుకి 50 ఫీల్డ్‌లని 60కి మార్చేస్తుంది. నడిచే మనుషులు కుదుపుతో నడుస్తారు. ఒకసారి అలా కలిసిపోయాక విడదీయడం కుదరదు.

సెట్టింగ్స్

విండోస్‌లో వర్చువల్‌డబ్2 ఉచితం, పాతదే అయినా ఈ పనికి ఇంతకన్నా మంచిది నేను చూడలేదు. వీడియో స్టాండర్డ్ పాల్-బి, సైజు 720×576, రంగు ఫార్మాట్ వైయూవై2, సెకనుకి 25 ఫ్రేములు, ఆడియో 48 కిలోహెర్ట్జ్. డీఇంటర్లేస్, నాయిస్ రిడక్షన్ లాంటివన్నీ ఆఫ్. ఈ దశలో మన పని అందంగా చేయడం కాదు, టేప్ మీద ఉన్నది ఉన్నట్టు తీసుకోవడం.

కోడెక్ లాస్‌లెస్ పెట్టండి: హఫ్‌వైయూవీ గానీ లాగరిత్ గానీ. లెక్క చూద్దాం. 720×576 పిక్సెళ్లు, ఒక్కోదానికి 2 బైట్లు, సెకనుకి 25 ఫ్రేములు అంటే సెకనుకి 20.7 ఎంబీ. గంటకి దాదాపు 75 జీబీ. లాస్‌లెస్ కోడెక్ దీన్ని సగానికో, ఇంకా కిందికో తెస్తుంది. నాకు గంటకి 30 నుంచి 35 జీబీ పడింది. మూడు గంటల ఈ-180 క్యాసెట్ అంటే 100 జీబీ. అమ్మో అనిపిస్తుంది గానీ, మన ఫోన్లలో ఓ గేమ్ ఎంత తింటుందో మనకి తెలుసు. పైగా క్యాప్చర్ అయ్యాక ఎఫ్ఎఫ్‌ఎంపెగ్‌తో ఎఫ్ఎఫ్‌వీ1 కోడెక్‌లోకి మార్చుకుంటే ఒక్క పిక్సెల్ పోకుండా ఇంకొంచెం తగ్గుతుంది. ఎఫ్ఎఫ్‌వీ1కి 2021లో ఇంటర్నెట్ సాంకేతిక పత్రం ఆర్ఎఫ్‌సీ 9043 కూడా వచ్చింది, ఆర్కైవ్‌లు వాడేది దీన్నే. రేపు ఓపెన్ అవుతుందో లేదో అన్న భయం అక్కర్లేదు.

రికార్డ్ నొక్కే ముందు హిస్టోగ్రామ్ చూసి, తెలుపు 235 దాటకుండా, నలుపు 16 కిందికి పోకుండా బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ సర్దండి. ఇది ఫోన్ కెమెరాలో ఎక్స్‌పోజర్ లాంటిదే, కాలిపోయిన తెలుపు మళ్లీ రాదు. అది అయ్యాక కంప్యూటర్‌ని ముట్టుకోకండి. కింద "డ్రాప్డ్ ఫ్రేమ్స్" అంకె సున్నా దగ్గరే ఉండాలి. పెరుగుతోందంటే సౌండ్, బొమ్మ విడిపోతాయి. ఓబీఎస్‌తో కూడా చేయొచ్చు, కాకపోతే డిఫాల్ట్ సెట్టింగ్స్‌తో అది స్క్రీన్ రికార్డింగ్ లాగా స్కేల్ చేసి, ఫ్రేమ్ రేట్ మార్చి కంప్రెస్ చేస్తుంది. అన్నీ చేత్తో మార్చుకునే ఓపిక ఉంటేనే.

50 ఫీల్డ్‌లని 25 చేయకండి

క్యాప్చర్ చేసిన ఫైల్‌ని నేరుగా ఫోన్‌లో చూస్తే కదిలే ప్రతిదాని అంచునా దువ్వెన పళ్లలా గీతలు కనిపిస్తాయి. తలంబ్రాలు పోసేచోట చూడండి, బియ్యపు గింజలన్నీ చీలికలుగా ఉంటాయి. ఒక ఫ్రేమ్‌లో ఉన్న రెండు ఫీల్డ్‌లు సెకనులో 50వ వంతు తేడాతో తీసినవి. గింజ ఆ లోపు కదిలిపోయింది.

చాలా సాఫ్ట్‌వేర్లు డీఇంటర్లేస్ అంటే ఒక ఫీల్డ్ పారేసి లేదా రెండూ కలిపేసి 25 ఫ్రేములు ఇస్తాయి. అలా చేస్తే కదలికలో సగం పోయినట్టే. ప్రతి ఫీల్డ్‌నీ ఒక పూర్తి ఫ్రేమ్‌గా మార్చి 50 ఫ్రేములు తీయాలి. ఎఫ్ఎఫ్‌ఎంపెగ్‌లో బీడబ్ల్యూడీఐఎఫ్ ఫిల్టర్ ఈ పని వేగంగా చేస్తుంది. బాగా రావాలంటే అవీసింత్ లేదా వేపర్‌సింత్‌లో క్యూటీజీఎంసీ. నెమ్మదిగా నడుస్తుంది, రాత్రి పెట్టి పడుకుంటే పొద్దునకి అవుతుంది. ఆ తేడా చూసినప్పుడు మా నాన్న "ఇది మన క్యాసెట్టేనా?" అన్నారు. ఏఐ ఏమీ వాడలేదు, టేప్ మీద ఉన్న కదలికని పూర్తిగా చూపించానంతే.

బొమ్మ అట్టడుగున వణికే ఏడెనిమిది గీతలు హెడ్ మారేచోట వచ్చే చప్పుడు. మాస్టర్‌లో అలాగే ఉంచి, పంచుకునే కాపీలో నలుపుతో కప్పేయండి. ఆకారం 4:3 ఉంచండి. పెద్ద టీవీలో పక్కల నలుపు వస్తుందని సాగదీస్తే పెళ్లికూతురు లావైపోతుంది, ఆ మాట మీరే పడాలి. యూట్యూబ్‌లో 50 ఫ్రేములు రావాలంటే వీడియో కనీసం 720పీ ఉండాలి. కాబట్టి అప్‌లోడ్ కాపీని 1440×1080కి పెంచి ఎక్కించండి.

ఇప్పుడు సౌండ్

ఈ పని చేసే చాలామంది బొమ్మ గురించే మాట్లాడతారు. నాకు మాత్రం మన పెళ్లి క్యాసెట్లలో అసలు విలువైనది గొంతులు అనిపిస్తుంది. మా తాతయ్య ఫొటోలు ఇంట్లో వంద ఉన్నాయి. ఆయన మాట మాత్రం ఈ క్యాసెట్లలో తప్ప ఎక్కడా లేదు.

సమస్య ఏంటంటే ఆ రోజుల్లో మిక్సింగ్ చేసేటప్పుడు అసలు సౌండ్ తీసేసి సినిమా పాటలు పెట్టేవాళ్లు. రెండు గంటలు బొమ్మలు కదులుతుంటాయి, పెదాలు ఆడుతుంటాయి, వినిపించేది మాత్రం అప్పటి హిట్ పాటలు. దీన్నెలా తీస్తాం అని చాలామంది వదిలేస్తారు. కొన్ని క్యాసెట్లలో తీయొచ్చు.

వీహెచ్ఎస్‌లో సౌండ్ రెండు చోట్ల ఉండొచ్చు. ఒకటి టేప్ పై అంచు వెంబడి నేరుగా పోయే లీనియర్ ట్రాక్. టేప్ సెకనుకి 23.39 మిల్లీమీటర్లు కదులుతుంది కదా, పాత ఆడియో క్యాసెట్ వేగం 47.6 మిల్లీమీటర్లు. అందులో సగం కూడా లేదు, అందుకే ఆ సౌండ్ దుప్పటి కప్పినట్టు ఉంటుంది. రెండోది హై-ఫై. దాన్ని తిరిగే డ్రమ్ మీదున్న హెడ్‌లే వీడియో చారల అడుగున, టేప్ లోతుల్లో రాస్తాయి. క్వాలిటీ చాలా బాగుంటుంది. ఇక్కడే కిటుకు ఉంది. వీసీఆర్‌లో "ఆడియో డబ్" అనే బటన్‌తో పాటలు ఎక్కిస్తే, ఆ కొత్త సౌండ్ లీనియర్ ట్రాక్ మీద మాత్రమే పడుతుంది. హై-ఫై ట్రాక్‌ని మార్చాలంటే వీడియోని కూడా చెరిపేయాలి, కాబట్టి దాన్ని ముట్టుకోలేరు. అంటే టేప్ మొదట హై-ఫైలో రికార్డ్ అయి, పాటలు ఆడియో డబ్‌తో వేసి ఉంటే, అసలు మాటలు కింద అలాగే ఉంటాయి. మామూలు మోనో వీసీపీలో ఆడిస్తే ఎప్పటికీ తెలియదు. హై-ఫై వీసీఆర్‌లో పెట్టి, ఆడియో సెలెక్ట్ బటన్ "నార్మల్" నుంచి "హై-ఫై"కి మార్చితే వినిపిస్తాయి.

నా 20 క్యాసెట్లలో ఇది పనిచేసింది ఒక్కదానిలోనే, మా మేనత్త పెళ్లిది. మాంగల్యధారణ దగ్గర పాట ఆగిపోయి సన్నాయి, డోలు వినిపించాయి. ఎవరో "గట్టిమేళం, గట్టిమేళం" అని అరిచారు. తర్వాత కెమెరా పక్క నుంచి తాతయ్య గొంతు, "లైటు అటు తిప్పవయ్యా, పిల్ల కళ్లు నీళ్లు కారిపోతున్నాయి" అని. ఆయన ఫ్రేమ్‌లో కనిపించరు. మేనత్త ఆ ముక్క ఫోన్‌లో విని, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఇంకో నాలుగు సార్లు విన్నది.

అన్నింటికీ ఇలా జరగదని ముందే అనుకోండి. ఎక్కువ పెళ్లి క్యాసెట్లు ఒక డెక్ నుంచి ఇంకో డెక్‌కి కాపీ చేస్తూ పాటలు కలిపినవి. వాటిలో అసలు సౌండ్ కాపీలోకి రానే రాలేదు. అప్పుడు వెతకాల్సింది మిక్సింగ్‌కి ముందు తీసిన రా క్యాసెట్లు. ఫొటోగ్రాఫర్లు సాధారణంగా వాటి మీదే ఇంకో పెళ్లి తీసేసేవాళ్లు, కానీ అడిగితే పోయేదేముంది? కొన్ని ఇళ్లలో రా క్యాసెట్ కూడా ఇచ్చేసి ఉంటారు, మీద పేరు లేకపోవడంతో ఖాళీ క్యాసెట్ అనుకుని పక్కన పడేసి ఉంటారు. పేరు లేనివి కూడా ఆడించి చూడండి. ఒకే క్యాసెట్‌కి రెండు ట్రాక్‌లూ ఉంటే రెండూ విడివిడిగా క్యాప్చర్ చేసుకోండి.

పాటలు ఉన్న వీడియోని యూట్యూబ్‌లో పెడితే కంటెంట్ ఐడీ పట్టేస్తుంది, కొన్నిసార్లు బ్లాక్ చేస్తుంది. అన్‌లిస్టెడ్ పెట్టినా అంతే. కుటుంబానికి పంచడానికి డ్రైవ్ లింకే మేలు. వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంట్‌గా పంపండి, వీడియోగా పంపితే మన శ్రమంతా కంప్రెస్ అయిపోతుంది.

ఏఐ అప్‌స్కేలింగ్ గురించి

ఒక పేరున్న టూల్‌లో ట్రై చేశాను. పందిరి, మామిడి తోరణాలు, నగలు బాగా వచ్చాయి. ముఖాలు దగ్గరగా ఉన్న షాట్లు పర్లేదు. దూరంగా బంతిలో కూర్చున్నవాళ్ల ముఖాలు మాత్రం ఎవరివో అయిపోయాయి. టేప్‌లో ఒక ముఖానికి పట్టుమని పది పిక్సెళ్ల వివరం ఉంటే, మిగతాది అది ఊహించి గీస్తుంది. మా నానమ్మని చూసి ఇంట్లో ఎవరూ గుర్తుపట్టలేదు. సరదాకి చేసుకోండి, మాస్టర్ ఫైల్‌ని మాత్రం దానితో మార్చేయకండి.

అసలైన గీక్‌లకి వేరే దారి ఉంది: వీహెచ్ఎస్-డీకోడ్ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్. వీసీఆర్ లోపల హెడ్ నుంచి వచ్చే రా ఆర్ఎఫ్ సిగ్నల్‌ని వీడియోగా మారకముందే తీసుకుని, సీఎక్స్2388ఎక్స్ చిప్ ఉన్న పాత టీవీ ట్యూనర్ కార్డుతో డిజిటైజ్ చేసి, డీకోడింగ్, టైమ్ బేస్ కరెక్షన్ అంతా సాఫ్ట్‌వేర్‌లో చేస్తుంది. టీబీసీ కొనక్కర్లేదు. బదులుగా వీసీఆర్ విప్పి వైర్ సోల్డర్ చేయాలి, డీకోడ్ కావడానికి గంటలు పడుతుంది. నేను ఒక క్యాసెట్‌కి చేశాను, వచ్చిన బొమ్మ నా మామూలు క్యాప్చర్ కన్నా శుభ్రంగా ఉంది. మొదటి క్యాసెట్‌తోనే ఇది మొదలుపెట్టమని మాత్రం చెప్పను.

షాపుకి ఇస్తే?

ఇవ్వొచ్చు, ఒకటి రెండు క్యాసెట్లే ఉంటే అదే తెలివైన పని. టేప్ తెగినా, బూజు పట్టినా ఎలాగూ వాళ్లే దిక్కు. ఇచ్చే ముందు మూడు అడగండి: 50 ఫ్రేములు ఇస్తారా, ఆకారం 4:3 ఉంచుతారా, కంప్రెస్ చేయని ఫైల్ మా హార్డ్ డిస్క్‌లో వేసిస్తారా. చివరిదానికి డబ్బు ఎక్కువ అడిగినా ఇవ్వండి. నేను మొదట అడిగిన ఒక షాపులో "డీవీడీ చేసిస్తాం సార్, పెన్‌డ్రైవ్‌కి ఎక్స్‌ట్రా" అన్నారు. అక్కణ్ణుంచే ఇంటికొచ్చి వీసీఆర్ వెతకడం మొదలుపెట్టాను.

మినీడీవీ క్యాసెట్లున్నవాళ్లు పైన చెప్పిందంతా మర్చిపోవచ్చు. అందులో ఉన్నది ఇప్పటికే డిజిటల్. మళ్లీ పసుపు పిన్ను ద్వారా తీస్తే పాడుచేసుకున్నట్టే. కెమెరా మీదున్న ఫైర్‌వైర్ పోర్ట్ నుంచి నేరుగా కాపీ చేయాలి, గంటకి దాదాపు 13 జీబీ. దానికి పాత ల్యాప్‌టాప్ గానీ, డెస్క్‌టాప్‌కి ఫైర్‌వైర్ కార్డ్ గానీ కావాలి. పక్కనే ఉన్న యూఎస్‌బీ పోర్ట్‌ని చూసి మోసపోకండి, చాలా కెమెరాల్లో దాని ద్వారా పూర్తి క్వాలిటీ రాదు.

ఫైళ్లు తయారయ్యాక మాస్టర్ రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లో పెట్టి, ఒకటి ఇంకో ఊళ్లో బంధువుల ఇంట్లో ఉంచండి. క్యాసెట్లు పారేయొద్దు, అటక మీద కాకుండా అల్మరాలో నిలువుగా పెట్టండి. తర్వాత ఒక ఆదివారం ఇంట్లో పెద్దవాళ్లని టీవీ ముందు కూర్చోబెట్టి, బంతిలో ఉన్నవాళ్లు, పీటల పక్కన నిలబడ్డవాళ్లు ఎవరెవరో అడిగి, నిమిషం అంకెతో సహా టెక్స్ట్ ఫైల్‌లో రాసుకోండి. మా మేనత్త పెళ్లికి ఆ ఫైల్ ఇప్పటికి 140 పేర్లకి వచ్చింది. పదకొండు మంది ఎవరో ఇంకా తేలలేదు. దసరాకి పెదనాన్న వస్తారు, ఆయన్ని అడగాలి.